ఎడిసన్ నుంచి న్యూయార్క్‌కి మొదటిసారి: ఒక్కరోజులో సొంతంగా వెళ్లి రావడం ఎలా

న్యూజెర్సీకి వచ్చి నెలో రెండు నెలలో అయి ఉంటుంది. ఆఫీసో కాలేజీయో, అపార్ట్‌మెంటు, శనివారం ఓక్ ట్రీ రోడ్డులో సరుకులు, మళ్లీ అపార్ట్‌మెంటు. న్యూయార్క్ గంట దూరమేనని మీకు తెలుసు, ఇంటి నుంచి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ "న్యూయార్క్ చూశావా" అని అడుగుతూనే ఉంటారు, మీరేమో కారున్నవాళ్లు ఎవరైనా తీసుకెళ్తారని చూస్తున్నారు. దయచేసి అలా ఆగిపోకండి. ఎదురుచూస్తూనే ఏడాది గడిపేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. తీరా ఎవరో తీసుకెళ్లినా ఐదుగురు ఒక కార్లో సర్దుకుని, టన్నెల్ ముందు ట్రాఫిక్‌లో ఆగి, పార్కింగ్ కోసం వీధులన్నీ తిరిగి, టైమ్స్ స్క్వేర్‌లో నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. 2025 జనవరి నుంచి మాన్‌హట్టన్‌లో 60వ స్ట్రీట్‌కి దిగువకి కారు వెళ్తే పగటిపూట 9 డాలర్ల రుసుము కూడా ఉంది. అన్నిటికంటే ముఖ్యమైన విషయం, పక్క సీట్లో కూర్చుని వెళ్తే దారి మీకు రాదు. రేపు అమ్మానాన్నలు వస్తే వాళ్లని చూపించడానికి మళ్లీ ఇంకొకరిని అడగాలి.

అందుకే మొదటిసారి రైల్లో వెళ్లండి. ఒక్కరే వెళ్లండి, లేదా మీలాగే కొత్తగా వచ్చిన ఒక స్నేహితుణ్ణి తోడు తీసుకోండి, అంతకంటే ఎక్కువమంది వద్దు. నేను ఎడిసన్ స్టేషన్ నుంచి చెప్తున్నాను, మెట్రోపార్క్, మెటచెన్, న్యూ బ్రన్స్‌విక్ వాళ్లకీ ఇదే లైను, ఇదే పద్ధతి.

ముందు రోజు రాత్రి

ఎన్‌జె ట్రాన్సిట్ యాప్ ఫోన్‌లో వేసుకుని, కార్డు వివరాలు ఇంట్లోనే నింపి పెట్టుకోండి. ఎడిసన్ నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి ఒకటి, తిరిగి రావడానికి ఒకటి, రెండు టికెట్లూ కొనేయండి, కానీ యాక్టివేట్ మాత్రం చేయకండి. యాక్టివేట్ చేశాక ఆ టికెట్ కొద్దిసేపే పనిచేస్తుంది, అందుకని రైలు ప్లాట్‌ఫాం మీదికి వస్తున్నప్పుడు ఎక్కేముందు నొక్కితే చాలు. స్టేషన్లో టికెట్ మిషన్ ఉండి కూడా కొనకుండా ఎక్కి రైల్లో తీసుకుంటే 5 డాలర్లు అదనంగా పడుతుంది.

టైమ్‌టేబుల్లో మీ స్టేషన్ పేరు ఎదురుగా టైము ఉందో లేదో చూడండి, ఈ లైన్లో వెళ్లే ప్రతి రైలూ ఎడిసన్‌లో ఆగదు. శని ఆదివారాల్లో రైళ్లు తక్కువ, ఒకటి తప్పితే చాలాసేపు కూర్చోవాలి. పొద్దున ఎనిమిది లోపు రైలు పట్టుకోగలిగితే రోజంతా మీ చేతిలో ఉంటుంది.

బూట్లు బాగా అలవాటైనవే వేసుకోండి, ఆ రోజు ఎనిమిది పది కిలోమీటర్లు తేలిగ్గా నడుస్తారు. ఎండాకాలమైనా ఒక పల్చటి జాకెట్ పెట్టుకోండి, ఫెర్రీ మీద గాలి గట్టిగా కొడుతుంది. పవర్ బ్యాంకు తప్పనిసరి, ఎందుకంటే టికెట్టూ దారీ డబ్బూ అన్నీ ఆ ఫోన్‌లోనే ఉన్నాయి. ఐ-94, అంటే మీరు ఈ దేశంలోకి వచ్చినట్టు ఉండే రికార్డు, దాని ప్రింటు ఒకటి పర్సులో ఉంచండి, 18 ఏళ్లు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ ఆధారం వెంట ఉంచుకోవాలని ఇక్కడ చట్టం.

తిండికి నా ఓటు పులిహోరకే. రాత్రే కలిపేసి డబ్బాలో పెట్టుకుంటే మధ్యాహ్నానికి పులుపు బాగా పట్టి ఉంటుంది, పాడవదు, చల్లగా తిన్నా బాగుంటుంది, స్పూనుతో పార్కు బెంచీ మీద కూర్చుని తినేయొచ్చు. డబ్బు మిగులుతుందని మాత్రమే చెప్పడం లేదు. కొత్త ఊళ్లో ఆకలితో హోటల్ వెతుక్కుంటూ, మెనూలో ఏది శాకాహారమో తెలియక నిలబడితే ఆ గంట మొత్తం పోతుంది, మూడ్ కూడా పోతుంది.

రైల్లో, మరీ ముఖ్యంగా ఎక్కడ దిగకూడదో

ప్లాట్‌ఫాం బోర్డు మీద న్యూయార్క్ వైపు అని ఉన్నదానికే వెళ్లండి, ఎదురుది ట్రెంటన్ వైపు. ఎక్కాక కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి. కండక్టర్ వచ్చి ఫోన్‌లో టికెట్ చూసి, చిన్న కాగితం ముక్కకి టకటకా చిల్లులు పొడిచి సీటు దగ్గరున్న క్లిప్పులో గుచ్చి వెళ్తారు. మీ టికెట్ చూశామనీ మీరు ఎక్కడిదాకా వెళ్తున్నారనీ దాని గుర్తు. సీటు మారితే ఆ ముక్కని కూడా తీసుకెళ్లండి.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. ఈ లైన్లో పెన్ స్టేషన్లు రెండున్నాయి. ముందు వచ్చేది న్యూఆర్క్ పెన్ స్టేషన్, అది ఇంకా న్యూజెర్సీయే. తర్వాత వచ్చేది న్యూయార్క్ పెన్ స్టేషన్. స్పీకర్లో వింటే రెండు పేర్లూ ఒకేలా ఉంటాయి. నేను వచ్చిన మూడో వారంలో, మొదటి ట్రిప్పులోనే, న్యూఆర్క్‌లో దిగిపోయాను. పెన్ స్టేషన్ అన్న మాట ఒక్కటే చెవిలో పడింది, పెద్ద స్టేషన్, బోలెడంతమంది దిగుతున్నారు, నేనూ బ్యాగు తగిలించుకుని దిగాను. బయటికొచ్చి ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ ఎటువైపు అని ఒక పెద్దావిడని అడిగితే, ఆవిడ నా మొహం వంక చూసి, నా మోచెయ్యి పట్టుకుని మళ్లీ లోపలికి తీసుకెళ్లి, అక్కడి నుంచి న్యూయార్క్ వెళ్లే ‘పాత్’ అనే ఇంకో రైలు బోర్డు చూపించింది. ఆ రోజు నాకు కాళ్లల్లో వచ్చిన వణుకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ఎవరు వెళ్తున్నా ఒకటే గుర్తు చెప్తున్నాను: టన్నెల్ దాటకుండా వచ్చిన పెన్ స్టేషన్ న్యూయార్క్ కాదు. న్యూఆర్క్ తర్వాత సెకాకస్ వస్తుంది, అక్కడా దిగకండి. న్యూఆర్క్ దాటాక నీళ్లూ రెల్లుగడ్డీ ఉన్న చిత్తడి నేల మీదుగా రైలు వెళ్తుంటే కుడివైపు దూరంగా మాన్‌హట్టన్ భవనాల వరస కనబడుతుంది. ఆ తర్వాత ఉన్నట్టుండి కిటికీ నల్లబడిపోతుంది, చెవులు కాస్త బిగుసుకుంటాయి. హడ్సన్ నది కింద 1910లో తెరిచిన సొరంగం అది. ఆ చీకట్లోంచి బయటపడి ఆగిన చోట దిగండి.

పొరపాటున న్యూఆర్క్‌లో దిగినా టెన్షన్ పడకండి. అక్కడి నుంచే పాత్ రైలు నేరుగా వరల్డ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తుంది, టికెట్ వేరే. మీ రోజుని అక్కడి నుంచి మొదలుపెట్టండి, అంతే.

దిక్కులు, సబ్‌వే

మాన్‌హట్టన్ వీధుల్ని 1811లో గళ్ల నోటుపుస్తకంలా గీసి పెట్టారు, అది తెలిస్తే ఊరు సగం వచ్చేసినట్టే. స్ట్రీట్లు అడ్డంగా, అవెన్యూలు నిలువుగా. స్ట్రీట్ నంబర్లు పెరుగుతున్నాయంటే ఉత్తరానికి వెళ్తున్నారు, దాన్ని అప్‌టౌన్ అంటారు. తగ్గుతుంటే డౌన్‌టౌన్. ఇరవై స్ట్రీట్లు దాటితే సుమారు ఒక మైలు. అవెన్యూకీ అవెన్యూకీ మధ్య దూరం ఇంకా ఎక్కువ, మ్యాప్‌లో దగ్గరగా కనిపించినా నమ్మకండి. బాగా కిందికి, వాల్ స్ట్రీట్ వైపు వెళ్తే ఈ నంబర్లు ఉండవు, అక్కడ ఫోన్‌లో మ్యాప్ చూసుకోవాల్సిందే.

సబ్‌వే అంటే ఇక్కడ ఊళ్లో తిరిగే మెట్రో రైలు, దానికి వేరే కార్డు కొనక్కర్లేదు. మీ ట్యాప్ చేసే బ్యాంకు కార్డో, ఫోనో గేటు దగ్గర ఆనిస్తే చాలు. 2026 జనవరి నుంచి ఒక ప్రయాణానికి 3 డాలర్లు. దూరాన్ని బట్టి మారదు, లోపల ఉన్నంతవరకు ఎన్ని రైళ్లు మారినా అదే. రోజంతా ఒకే కార్డు వాడండి, ఒకసారి ఫోను, ఒకసారి ప్లాస్టిక్ కార్డు అంటే అవి రెండు వేరువేరు లెక్కల్లో పడతాయి, వారంలో ఒక పరిమితి దాటాక ఉచితంగా వచ్చే ప్రయాణాలు పోతాయి.

కొత్తవాళ్లు డబ్బు పోగొట్టుకునేది ఒకచోట. చిన్న స్టేషన్లలో అప్‌టౌన్‌కి ఒక మెట్ల దారి, డౌన్‌టౌన్‌కి రోడ్డుకి అవతల ఇంకో మెట్ల దారి ఉంటాయి. తప్పు వైపు దిగి ట్యాప్ చేశారంటే చాలాచోట్ల లోపల్నుంచి అవతలికి వెళ్లే వీలుండదు, బయటికొచ్చి మళ్లీ 3 డాలర్లు. మెట్లు దిగేముందు పైన బోర్డు చదవండి. వెనకాల జనం వస్తుంటే పక్కకి జరిగి నిలబడి చదవండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పెన్ స్టేషన్లో 7వ అవెన్యూ వైపు వెళ్తే ఎర్రటి గుండ్రంలో 1, 2, 3 అని ఉంటాయి. మీకు కావలసింది 1, డౌన్‌టౌన్. 2, 3 ఎక్స్‌ప్రెస్‌లు, వాటి ప్లాట్‌ఫాం వేరు. 1 రైలు చిట్టచివరి స్టేషన్ సౌత్ ఫెర్రీ, ఎక్కి కూర్చుంటే అదే దింపుతుంది. వారాంతాల్లో మరమ్మతుల కోసం దారులు మారుస్తుంటారు కాబట్టి ఎక్కేముందు ఫోన్‌లో ఒకసారి చూసుకోండి.

ఫెర్రీ

లిబర్టీ విగ్రహం చూడ్డానికి మొదటి రోజే ఆ ద్వీపం టికెట్ కొనకండి. సెక్యూరిటీ క్యూ, పడవ క్యూ, తిరుగు పడవ క్యూ, సగం రోజు అక్కడే అయిపోతుంది. సౌత్ ఫెర్రీలో పైకి రాగానే వైట్‌హాల్ టెర్మినల్ ఉంటుంది, అక్కడి నుంచి స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ ఎక్కండి. 1997 నుంచి పూర్తిగా ఉచితం, పగలూ రాత్రీ నడుస్తుంది, ఒకవైపు 25 నిమిషాలు. బయట ఎవరైనా చొక్కా మీద బ్యాడ్జి వేసుకుని "ఫెర్రీ టికెట్, ఫెర్రీ టికెట్" అంటూ మీ మీదికి వస్తే ఆగకుండా నడిచి టెర్మినల్ లోపలికి వెళ్లిపోండి. ఉచిత పడవకి టికెట్ అమ్మేవాళ్లు వాళ్లు.

తలుపులు తీయగానే అందరూ కుడివైపుకి పరిగెత్తుతారు, ఎందుకంటే వెళ్లేటప్పుడు విగ్రహం కుడివైపే. మీరూ వెళ్లండి, సిగ్గుపడకండి. బయట డెక్ మీద కమ్మీ పట్టుకుని నిలబడితే కాళ్ల కింద ఇంజను అదురుతూ ఉంటుంది, సముద్రపు పక్షులు పడవతోపాటే వస్తాయి. మొదట విగ్రహం బొటనవేలంత కనిపిస్తుంది, ఇంతేనా అనిపిస్తుంది. పడవ దగ్గరికి జరిగేకొద్దీ ఆ పచ్చటి రాగి చీర మడతల్లాంటి గీతలు ఒక్కొక్కటీ విడివిడిగా తెలుస్తాయి. నేల నుంచి దివిటీ కొస దాకా 305 అడుగులు. విజయవాడ స్వరాజ్ మైదానంలో అంబేడ్కర్ విగ్రహం చూసినవాళ్లకి ఒక అంచనా, అది పీఠంతో కలిపి 206. ఫ్రాన్స్ ప్రజలు ఇచ్చిన కానుక ఇది, 1886 అక్టోబర్ 28న ఆవిష్కరించారు. ఓడల్లో వలస వచ్చిన లక్షలమంది ఈ దేశంలో మొదట చూసింది దీన్నే. మీరు విమానంలో వచ్చారు కాబట్టి చూడలేదు, ఇప్పుడు వాళ్లలాగే నీళ్ల మీద నుంచి చూస్తున్నారు. నాకు ఈ రోజంతటిలో ఇష్టమైన పావుగంట ఇదే, ఫోను కాసేపు జేబులో పెట్టేసి చూడండి.

అవతల ఒడ్డున అందరూ దిగాల్సిందే, దిగి చుట్టూ తిరిగొచ్చి మళ్లీ ఎక్కాలి. తిరిగి వచ్చేటప్పుడు ముందువైపు నిలబడితే మాన్‌హట్టన్ మొత్తం మీ ఎదురుగా పెరుగుతూ వస్తుంది. ఇంకో మాట, సబ్‌వేలో బాత్రూములు దొరకడం చాలా కష్టం. ఫెర్రీ టెర్మినల్లో ఉన్నాయి, పడవలోనూ ఉన్నాయి. అవసరం లేకపోయినా వెళ్లొచ్చేయండి.

నడక

టెర్మినల్ నుంచి బ్రాడ్‌వే మీద పైకి నడిస్తే ఎద్దు విగ్రహం వస్తుంది, 1989 డిసెంబర్‌లో ఒక శిల్పి రాత్రికి రాత్రి స్టాక్ ఎక్స్‌ఛేంజి ముందు తెచ్చి పెట్టి వెళ్లినది, తర్వాత ఇక్కడికి మార్చారు. ఫొటో క్యూ పెద్దది. పక్క నుంచి ఒక ఫొటో తీసుకుని కదలండి.

ఇంకో పావుగంట నడిస్తే 9/11 స్మారకం. జంట టవర్లు నిలిచిన స్థలాల్లోనే రెండు కొలనులు, ఒక్కొక్కటి దాదాపు ఎకరం. నాలుగు గోడల మీంచి నీళ్లు కిందికి పడి, మధ్యలో ఉన్న ఇంకో గుంతలోకి వెళ్లిపోతాయి, దాని అడుగు ఎక్కడ నిలబడినా కనిపించదు. చుట్టూ కంచు పలకల మీద 2,983 పేర్లు. వేలితో తడిమితే అక్షరాల అంచు తగులుతుంది. నెమ్మదిగా చదువుకుంటూ వెళ్తే మన దేశపు పేర్లు కూడా వస్తాయి, అక్కడ కాళ్లు వాటంతట అవే ఆగిపోతాయి. ఏదైనా పేరులో తెల్ల గులాబీ గుచ్చి ఉంటే ఆ రోజు వాళ్ల పుట్టినరోజని అర్థం. ఇక్కడ నవ్వుతూ సెల్ఫీలు వద్దు. కొలనుల దగ్గరికి టికెట్ లేదు, మ్యూజియంకి ఉంది, అది ఇంకో రోజు.

అక్కడి నుంచి సిటీ హాల్ పార్కుకి పది నిమిషాలు. పులిహోర డబ్బా తీయాల్సింది ఇక్కడే, చెట్ల కింద బెంచీలున్నాయి. తిన్నాక రోడ్డు దాటితే బ్రూక్లిన్ బ్రిడ్జి నడక దారి మొదలవుతుంది. 1883లో తెరిచిన వంతెన ఇది. ముఖ్య ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ నీళ్ల అడుగున పునాదుల పనిలో జబ్బుపడి మంచం పడితే, ఆయన భార్య ఎమిలీ ఏళ్ల తరబడి రోజూ పని దగ్గరికి వెళ్లి ఆయన సూచనలు అందిస్తూ, లెక్కలు తనే నేర్చుకుని నడిపించింది. వంతెన మీద ఆవిడ పేరుతో పలక ఉంది, చూడండి. మొత్తం దాటితే మైలు పైచిలుకు. కాళ్లు లాగుతుంటే మొదటి టవర్ దాకా వెళ్లి వెనక్కి వచ్చేయండి, అందం అంతా ఆ సగంలోనే ఉంది. దాటినవాళ్లు అవతల హై స్ట్రీట్ స్టేషన్లో నీలం గుండ్రంలో ఉండే ‘ఎ’ లేదా ‘సి’ రైలు మాన్‌హట్టన్ వైపుకి ఎక్కి 42వ స్ట్రీట్‌లో దిగండి. వెనక్కి వచ్చినవాళ్లు ఇవతలే దగ్గర్లోని స్టేషన్ ఫోన్‌లో చూసుకుని, అప్‌టౌన్ వైపు ఇవే రైళ్లు ఎక్కి అక్కడే దిగండి.

దిగింది 8వ అవెన్యూలో. తూర్పుగా 6వ అవెన్యూ దాకా నడిస్తే బ్రయంట్ పార్కు. పచ్చ రంగు మడత కుర్చీలు వందలకొద్దీ ఉంటాయి, ఎవరిదీ కాదు, మీకు నచ్చిన నీడలోకి లాక్కుని కూర్చోవచ్చు, ఏమీ కొనక్కర్లేదు. ఈ పార్కు బాత్రూములో తాజా పువ్వులు పెడతారు, ఊళ్లోకెల్లా శుభ్రమైనది. కనీసం అరగంట ఇక్కడ ఏమీ చేయకుండా కూర్చోండి. ఇంకా రాక్‌ఫెల్లర్, సెంట్రల్ పార్కు, ఎంపైర్ స్టేట్ మిగిలిపోయాయే అని మనసు లాగుతుంది. వద్దు. సెంట్రల్ పార్కే 843 ఎకరాలు, దానికి ఒక పూట వేరుగా పెట్టుకోండి. మళ్లీ రావడం మీకు ఇప్పుడు తెలుసు కదా.

ఆకలేస్తే దగ్గర్లో ఏదో ఒక పిజ్జా కొట్టులో ప్లెయిన్ స్లైస్ అడగండి, అంటే చీజ్ మాత్రమే. మాంసం తినేవాళ్లు రోడ్డు పక్క హలాల్ బండి దగ్గర చికెన్ ఓవర్ రైస్ తీసుకోవచ్చు, ధర ముందే అడగండి, ఎర్ర సాస్ మన నాలుకకి కూడా ఘాటే, కొంచెమే వేయమనండి.

చీకటి పడ్డాకే టైమ్స్ స్క్వేర్‌కి వెళ్లండి, పగలు అక్కడ చూసేది తక్కువ. బొమ్మల వేషాల్లో ఉన్నవాళ్లు భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగి డబ్బులడుగుతారు, చేతిలో సీడీ పెట్టేవాళ్లూ అంతే. మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది కాషాయం బట్టలు కట్టుకుని వచ్చి చేతికి పూసల దండ వేసేవాళ్లతో. ఆ రంగు చూడగానే మన చేతులు జోడించుకుంటాయి, కాదనలేం, వెంటనే విరాళం పుస్తకం తెరుస్తారు. నమస్కారం పెట్టి నడిచిపోండి, చేతులు జేబులో ఉంచుకోండి.

ఇంటికి

7వ అవెన్యూ మీద కిందికి ఎనిమిది బ్లాకులు నడిస్తే పెన్ స్టేషన్. రైలు టైముకి ఇరవై నిమిషాల ముందు చేరండి. ఏ ట్రాకో ముందే చెప్పరు, బయల్దేరడానికి పది నిమిషాల ముందు బోర్డు మీద నంబరు పడుతుంది. అప్పటిదాకా వందలమంది తలలు పైకెత్తి నిలబడి ఉంటారు, నంబరు పడగానే అందరూ ఒకే మెట్ల వైపు కదులుతారు. మీరు చూడాల్సింది చివరి స్టేషన్ పేరు: ఎక్కువగా ట్రెంటన్ అని ఉంటుంది, కింద ఆగే స్టేషన్లలో ఎడిసన్ ఉండాలి. లాంగ్ బ్రాంచ్ అని ఉన్నది ఎక్కితే రావే స్టేషన్ దాటాక సముద్రం వైపు తిరిగిపోతుంది. రాత్రి పదకొండు దాటేదాకా ఉండిపోకండి, రైళ్లు బాగా పలచబడతాయి.

మెట్లు దిగుతూ రెండో టికెట్ యాక్టివేట్ చేయండి. సీటు దొరికాక ఇంటికి ఫోన్ చేయాలనిపిస్తుంది. ఇక్కడ శనివారం రాత్రి తొమ్మిదైతే అక్కడ ఆదివారం పొద్దున ఆరున్నర, చలికాలంలో ఏడున్నర, అమ్మ కాఫీ పెడుతూ ఉంటుంది. టన్నెల్ దాటాకే చేయండి, లోపల కాల్ కట్ అయిపోతుంది. మెట్రోపార్క్ పోయాక మెటచెన్ అని వినగానే ఫోన్ పెట్టేసి లేచి తలుపు దగ్గరికి రండి, తర్వాతది ఎడిసన్.